స్కూల్ బస్సు: డీజిలా, సీఎన్‌జీనా, కరెంటా?

పసుపు_బండి: విజయవాడ శివారు బడికి 42 సీట్ల కొత్త బస్సు పెట్టాలి. రోజుకి 65 కి.మీ., ఏడాదికి 220 రోజులు. సీఎన్‌జీ బంకు 9 కి.మీ. దూరం. బడివాళ్లు కరెంటు బస్సే కావాలంటున్నారు. ఏది మేలు?

ఇంజను_మేస్త్రి: డీజిల్ మాత్రం వద్దు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చే బీఎస్6 (కొత్త కాలుష్య నిబంధనల) బండ్లకు పొగగొట్టంలో డీపీఎఫ్ అనే మసి జల్లెడ ఉంటుంది. అది మసిని పట్టి ఉంచి తర్వాత కాల్చేస్తుంది. కాలాలంటే లోపల 550–600 డిగ్రీలు రావాలి. అర కిలోమీటరుకోసారి ఆగే బస్సుకు ఆ వేడి ఎక్కడిది? మసి నిండిందని లైటు వెలిగినా డ్రైవరు ఇంజను కట్టేస్తాడు, కథ మళ్లీ మొదటికి. సగంలో ఆగినప్పుడల్లా అదనంగా కొట్టిన డీజిల్, చాలా ఇంజన్లలో, ఇంజనాయిల్‌లోకి దిగుతుంది. డిప్‌స్టిక్ (ఆయిల్ కొలిచే పుల్ల) మీద ఆయిల్ పెరిగి కనిపిస్తే అదే సంగతి.

డిపో_లెక్కలు: మేస్త్రి గారూ, అది బండి తప్పా, డ్రైవరు తప్పా? లైటు రాగానే ఖాళీ స్థలంలో నిలిపి, హ్యాండ్ బ్రేక్ వేసి, మసిని కాల్చే రీజెన్ బటన్ నొక్కి అరగంట వదిలేస్తే సరి. ఎండుగడ్డి మీద మాత్రం నిలపకూడదు, గొట్టం కాలిపోతుంటుంది. ఆయిల్ తక్కువ బూడిద ఇచ్చే సీకే-4 రకం పొయ్యాలి.

ఇంజను_మేస్త్రి: డీఈఎఫ్, అదే పొగ శుద్ధికి వేరే ట్యాంకులో పోసే యూరియా నీళ్ల సంగతో? అందులో యూరియా 32.5 శాతం ఉండాలి. నీళ్లు కలిపిన డబ్బా పోస్తే సెన్సర్ పట్టేస్తుంది, బండి గుంజదు. వేసవి సెలవుల్లో బస్సు ఎండలో నిలిచిపోతే నాజిల్ దగ్గర తెల్లగా గడ్డకడుతుంది.

డిపో_లెక్కలు: రోజుకి 12 లీటర్ల డీజిల్‌కు డీఈఎఫ్ అర లీటరు. అర లీటరు కోసం ఇంత గోలా?

ఇంజను_మేస్త్రి: అర లీటరు లేకపోతే బస్సు కదలదు, అదీ గోల.

రెండో_సీటు: డీజిల్ వద్దంటే సీఎన్‌జీనా? పిల్లల కింద గ్యాస్ బాంబు పెట్టి తిప్పమంటారా?

ఇంజను_మేస్త్రి: సీఎన్‌జీ గాలికన్నా తేలిక, లీకైతే పైకి పోతుంది. ఎల్‌పీజీలా నేలమీద పేరుకోదు. భయపడాల్సింది 200 బార్ ఒత్తిడికి. సిలిండర్లకు మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు (నీటి ఒత్తిడి పరీక్ష) తప్పనిసరి. అది మే నెలలో చేయించుకుంటే ట్రిప్పులు పోవు.

చార్జర్_పాయింట్: 9 కి.మీ. బంకు అంటే పోనూ రానూ 18 కి.మీ. ఖాళీ తిప్పుడు. పైగా అది డాటర్ స్టేషన్ (పైపులైను లేని బంకు) అయితే గ్యాస్ లారీ మీద రావాలి. ఎండలో నింపితే వేడికి మీటరు 200 చూపిస్తుంది, చల్లారాక 170కి దిగుతుంది. కరెంటు బస్సుకు ఈ బాధ లేదు. కి.మీ.కు 0.9 యూనిట్ చొప్పున రోజుకి 58 యూనిట్లు. సాయంత్రం 5 నుంచి ఉదయం 6 దాకా ఎక్కించుకుంటే 5 కిలోవాట్లు చాలు. బస్సుకు మామూలు కరెంటుతో ఎక్కించే ఏసీ సాకెట్ ఉందో లేదో ముందే చూసుకోండి. వేగంగా ఎక్కించే డీసీ గన్ ఒక్కటే ఉంటే పెద్ద చార్జర్, పెద్ద లోడు తప్పవు.

డిపో_లెక్కలు: యూనిట్లు సరే, రూపాయలు చెప్పండి. ఏడాదికి 14,300 కి.మీ. లీటరుకు 5.5 కి.మీ. వేస్తే 2,600 లీటర్లు, లీటరు 97 అనుకుంటే రెండున్నర లక్షలు. కరెంటు, చార్జింగ్ నష్టంతో కలిపి 14,000 యూనిట్లు, 8 చొప్పున లక్షా పన్నెండు వేలు. మిగిలేది ఏడాదికి 1.4 లక్షలు. కరెంటు బస్సు ధర 30 లక్షలు ఎక్కువనుకుంటే తీరడానికి 21 ఏళ్లు! మన దగ్గర స్కూల్ బస్సును 15 ఏళ్లకు మించి తిప్పనివ్వరు. కేంద్రం సబ్సిడీ పథకం పీఎం ఈ-డ్రైవ్‌లో 14,028 బస్సులూ ప్రజా రవాణాకే, మనకు పైసా రాదు.

చార్జర్_పాయింట్: మీ లెక్కలో క్లచ్, ఆయిల్, డీపీఎఫ్ ఖర్చు ఏది? గేటు ముందు ఇంజను ఆన్‌లో పెట్టి పావుగంట నిలిపితే ఆ పొగ ఎవరు పీలుస్తారు? దానికి రేటు కట్టగలరా?

డిపో_లెక్కలు: కట్టాల్సింది బడివాళ్లు. వాళ్లు బ్రోచర్‌లో ఆకుపచ్చ నంబర్ ప్లేటు ఫొటో వేసుకుంటారు, ఈఎంఐ బస్సు ఓనరు కడతాడు. అందుకే నాకు మంట.

ఇంజను_మేస్త్రి: ఇది ముందే చెప్పొచ్చుగా స్వామీ, రెండు రోజులుగా డీఈఎఫ్ మీద కొట్టుకుంటున్నాం. పసుపు_బండి గారూ, బస్సు కొనేది మీరా, బడా?

పసుపు_బండి: నేనే. బ్యాంకు లోను ఐదేళ్లు, బడితో అగ్రిమెంటు 11 నెలలు.

చార్జర్_పాయింట్: అయ్యో. అలాగైతే నేను కూడా వద్దంటాను. ఐదేళ్ల అగ్రిమెంటు, చార్జింగ్ పాయింట్ ఖర్చు బడిది అని రాసిస్తేనే కరెంటు. మధ్యాహ్నం ఖాళీగా ఉందని స్కూల్ పర్మిట్ మీద బయటి కిరాయి తోలడానికి కూడా లేదు.

డిపో_లెక్కలు: డీజిల్ తీసుకోండి. రేటు పెరిగితే కిరాయి పెంచాలని ఒక షరతు రాయించుకోండి.

ఇంజను_మేస్త్రి: రీజెన్ బటన్ ఎక్కడుందో డ్రైవరుకి మొదటిరోజే చూపించండి. బంకు అంత దూరం, 9 కి.మీ., లేకపోయుంటే నా ఓటు ఇప్పటికీ గ్యాస్‌కే.

రెండో_సీటు: బాంబే అన్నమాట.