హెచ్‌ఐవీకి ఇచ్చే టీఎల్‌డీ మాత్ర మొదలుపెట్టాక నిద్ర పట్టడం లేదు, ఎవరికైనా ఇలా అయిందా?

రాత్రిపక్షి:
ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ చికిత్స) మొదలుపెట్టి ఇరవై రోజులైంది. రోజుకి ఒకటే మాత్ర, రాత్రి తొమ్మిదింటికి వేసుకుంటున్నాను. ఇక మూడింటిదాకా కళ్లు మూతపడవు, కాస్త పట్టిందనుకుంటే పిచ్చి కలలు. మొదటి వారం వికారం ఉండేది, అది తగ్గింది. డ్యూటీలో తూగుతుంటే సూపర్‌వైజర్ తాగొచ్చావా అంటున్నాడు, ఏం చెప్పను? అమ్మకి విషయం తెలియదు, మోకాళ్ల నొప్పికి మాత్రలని చెప్పాను. నాలుగు రోజులు ఆపి చూడనా?

పాతకాపు:
ఆపడం మాత్రం వద్దు తమ్ముడూ. నేను 2011 నుంచి వాడుతున్నా. అప్పట్లో ఇచ్చిన జిడోవుడిన్ అనే మందుతో ఒంట్లో రక్తం పడిపోయి, మెట్లెక్కితే ఆయాసం. తర్వాత ఎఫావిరెంజ్ అనే మందు ఉన్న మాత్రకి మార్చారు, వేసుకున్న గంటకి మంచం గిర్రున తిరిగేది, అందుకే దాన్ని పడుకునే ముందు వేసుకోమనేవాళ్లు. నీ మాత్రలో ఉన్న మందుల్లో ఒకటి డోలుటెగ్రావిర్, అది కొందరికి నిద్ర చెడగొడుతుంది. నేను టిఫిన్ తిన్నాక వేసుకోవడం మొదలుపెట్టా, పది రోజుల్లో సర్దుకుంది. ఏఆర్‌టీ సెంటర్‌లో చెప్పి టైం మార్చుకో. బరువు పెరుగుతావు, నాకు పొట్ట వచ్చేసింది, అదొక్కటే నా గొడవ ఇప్పుడు.

మాజీ కౌన్సెలర్:
పొద్దున వేసుకోవడం సరైనదే. ఇంకేం మందులు వాడుతున్నారో చెప్పలేదు మీరు. ఖాళీ కడుపుతో కాల్షియం, ఐరన్ కలిపి వేసుకుంటే డోలుటెగ్రావిర్ ఒంటికి సరిగా పట్టదు. వాటికి రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. గ్యాస్‌కి తాగే అల్యూమినియం, మెగ్నీషియం మందులకీ ఇంతే ఎడం ఉండాలి. షుగర్‌కి మెట్‌ఫార్మిన్ వాడుతుంటే డాక్టరుకి తప్పక చెప్పండి, డోసు చూడాలి. మీ మాత్రలోనే ఉన్న మరో మందు టెనోఫోవిర్ వల్ల కిడ్నీ పరీక్ష ఎగ్గొట్టొద్దు, అయితే డోలుటెగ్రావిర్‌తో ఆ పరీక్షలో చూసే క్రియాటినిన్ కొంచెం పెరిగి అక్కడే ఆగుతుంది, ఆ కాగితం చూసి కిడ్నీలు పోయాయని ఏడ్చినవాళ్లని చూశాను. జ్వరంతో దద్దుర్లు, కళ్లు పచ్చబడటం, చచ్చిపోవాలనిపించడం ఉంటే ఆ రోజే వెళ్లండి. ఫోన్‌లో అడగాలంటే హెచ్‌ఐవీ హెల్ప్‌లైన్ 1097 ఉంది, ఉచితం.

రాత్రిపక్షి:
మేడమ్, కాల్షియం! మోకాళ్ల నొప్పి అన్నానని అమ్మే సీసా కొనుక్కొచ్చి రాత్రి దగ్గరుండి మింగిస్తోంది, రెండూ ఒకేసారి వేసుకుంటున్నా.

మాజీ కౌన్సెలర్:
ఆవిడ మనసు కష్టపెట్టకండి. భోజనంతో పాటైతే రెండూ కలిపి వేసుకున్నా ఫర్వాలేదు, ఖాళీ కడుపుతోనే కుదరదు. మీరెలాగూ పొద్దునకి మారుస్తారు కదా, కాల్షియం రాత్రికే ఉంచేయండి. ఈసారి సెంటర్‌కి వెళ్లినప్పుడు ఆ సీసా పట్టుకెళ్లి చూపించండి.