హాలు గోడలకు ముక్కుపొడి రంగు వేయించవచ్చునా?

విశాఖవాసి:
మా అపార్ట్‌మెంటులో హాలు 10 అడుగుల వెడల్పు, 14 అడుగుల పొడవు ఉంటుంది. వెలుతురు పడమటి బాల్కనీ నుంచి మాత్రమే వస్తుంది. నేలకు ఐవరీ టైల్స్ ఉన్నాయి, వీధి తలుపు టేకుది. నాలుగు గోడలకూ ముదురు ముక్కుపొడి రంగు, అంటే కాస్త ఎరుపు కలిసిన వేయించిన కాఫీ గింజ రంగు వేయించాలని నా కోరిక. గది గుహలా తయారవుతుందని మా అత్తగారు అంటున్నారు. మూడు కోట్లు అవుతాయని మేస్త్రీ అంటున్నాడు (డబ్బు కాదు, పూతలు). అనుభవం ఉన్నవారు సలహా ఇవ్వగలరు.

బెజవాడ బాటసారి:
మేము పడకగదికి ఇదే రంగు వేయించుకున్నాము. వేసిన రోజు రాత్రి ట్యూబులైటు వెలిగించి చూస్తే గోడ తడిసిన అట్టపెట్టెలా బూడిదబారి కనిపించింది, డబ్బంతా వృథా అయిందనుకున్నాను. తప్పు రంగుది కాదు. ఈ గోధుమ వన్నె నిజానికి ముదిరిన నారింజే కాబట్టి, నీలం ఎక్కువగా ఉండే 6500 కెల్విన్ తెల్లని వెలుగులో దాని వెచ్చదనం చచ్చిపోతుంది. పసుపు వెలుగునిచ్చే 3000 కెల్విన్ బల్బులు పెట్టి, ఒక దీపాన్ని గోడవైపు తిప్పిన తరువాతే మేము కోరుకున్న రంగు కంటికి ఆనింది. అందుచేత షేడ్ కార్డు చూసి నిర్ణయించుకోకండి. చిన్న డబ్బా కొని, రెండు వేర్వేరు గోడల మీద రెండడుగుల చదరం పూయించి, ఉదయమూ, సాయంత్రపు ఎండలోనూ, రాత్రి దీపాల కిందా చూడండి.

పాతికేళ్ళ బ్రష్షు:
మేస్త్రీ మాట నిజమే. ముదురు రంగులను తెల్ల పిగ్మెంటు దాదాపు లేని బేస్‌లో కలుపుతారు కనుక కింది పూతను కప్పే శక్తి వాటికి తక్కువ. ప్రైమరులోనే కొంత గోధుమ రంగు కలిపిస్తే చాలాసార్లు రెండు పూతలతో పని జరుగుతుంది. మెరుపు ఉన్న పెయింటు మాత్రం వద్దు, పుట్టీలోని ఎగుడుదిగుళ్ళన్నీ పక్కనుంచి పడే వెలుగులో బయటపడతాయి. మెరుపు లేని మ్యాట్‌లోనూ ఒక చిక్కు ఉంది: సోఫా వీపు రాసుకున్న చోట, బూజుకర్ర తగిలిన చోట తెల్లటి గీతలు పడతాయి. అన్నిటికంటే నాకు భయం ఉప్పు. బాత్‌రూముకు ఆనుకున్న గోడలో చెమ్మ ఉంటే, లేత రంగు మీద కనిపించని ఉప్పు ఈ రంగు మీద పిండి చల్లినట్టు తేలుతుంది. రెండడుగుల ప్లాస్టిక్ కాగితాన్ని అంచులు గట్టిగా అంటించి రెండు రోజులు ఉంచండి. లోపలివైపు నీటి బొట్లు కనిపిస్తే, లేదా దాని కింద గోడ నల్లబడితే, ముందు ఆ చెమ్మ సంగతి చూడాలి. కలిపించిన రంగులో ఒక లీటరు దాచుకోవడం మరవకండి, మరోసారి కలిపిస్తే అచ్చం అదే రంగు రావడం కష్టం.

సిక్కోలు ఆడపడుచు:
నాలుగు గోడలూ పైదాకా ఎందుకండీ? మా అమ్మమ్మగారి మట్టింట్లో గోడ అడుగున జాజు పూసి, పైన సున్నం కొట్టేవారు. పిల్లల చేతి మరకలూ, చీపురు దెబ్బలూ ఆ ఎరుపులో కలిసిపోయేవి. మీరూ మూడడుగుల ఎత్తు వరకు ముక్కుపొడి రంగు, పైన మీగడ రంగు వేయించి చూడండి. మల్లెపూవు తెలుపు మాత్రం వేయించకండి, మీ ఐవరీ టైల్స్ పక్కన అది సున్నంలా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మీ అత్తగారూ అభ్యంతరం చెప్పరనుకుంటాను.

బెజవాడ బాటసారి:
క్షమించాలి, నేను ఒప్పుకోను. సగం గోడ వరండాకు అందం. హాలులో ఈ రంగు నాలుగు వైపులా చుట్టుకున్నప్పుడే మూలలు కరిగిపోయి గది హాయిగా ఉంటుంది. పైకప్పు మీగడ రంగులో ఉంచితే గుహ అనిపించదు.

విశాఖవాసి:
అందరికీ కృతజ్ఞతలు. ప్లాస్టిక్ కాగితం నిన్న అంటించాను, బాత్‌రూము గోడ మీద ఈ ఉదయానికే బొట్లు కట్టాయి. ముందు ప్లంబరును పిలుస్తున్నాను. ఈలోగా టేకు తలుపు పక్కన రెండు చదరాలు పూయించాను. నాలుగు గంటల ఎండలో వాటిని చూసి మా అత్తగారు, ఎరుపు ఎక్కువ ఉన్నదే బాగుందన్నారు.