కేప్ హార్న్ మీదుగా క్రూయిజ్: గది ఏ వైపు తీసుకుంటే మంచిది?

వచ్చే జనవరిలో చిలీ తీరం నుంచి అర్జెంటీనా దక్షిణ కొసన ఉన్న ఉషువాయా పట్టణం, ఫాక్లాండ్ దీవుల మీదుగా బ్యూనస్ ఎయిర్స్ చేరే క్రూయిజ్‌లో అమ్మానాన్నలను తీసుకువెళ్లాలని అనుకుంటున్నాను. 1914లో పనామా కాలువ తెరుచుకునే వరకు ఎన్నో తెరచాప ఓడలను బలిగొన్న కేప్ హార్న్‌ను, అంటే దక్షిణ అమెరికా దక్షిణపు అంచున ఉన్న హోర్నోస్ ద్వీపపు కొసన నిటారుగా నిలిచిన ఆ కొండను, కళ్లారా చూడాలన్నది భూగోళశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన నాన్నగారి చిరకాల కోరిక. కాబట్టి ఈ ప్రయాణంలో మాకు మిగతావన్నీ దాని తర్వాతే.

వాతావరణం అనుకూలిస్తే ఓడ ద్వీపాన్ని చుట్టి వస్తుందనీ, గాలి ఉధృతమైతే దూరం నుంచే సాగిపోతుందనీ చదివాను. అక్కడికి వెళ్లివచ్చినవారు దయచేసి చెప్పగలరు: పడమటి నుంచి తూర్పుకు సాగే ఓడలో ఎడమవైపు బాల్కనీ గది తీసుకుంటే సరిపోతుందా, లేక పై డెక్ మీదికి వెళ్లి చూడడమే మేలా? 1992లో నావికుల స్మృత్యర్థం నిలిపిన ఆల్బట్రాస్ స్మారకం బైనాక్యులర్స్‌తోనైనా కనిపిస్తుందా?

అమ్మకు మోకాళ్ల నొప్పులు, బస్సు ప్రయాణంలోనే వాంతులు. దక్షిణ అమెరికాకూ అంటార్కిటికాకూ మధ్యనున్న డ్రేక్ జలసంధి అంచున కెరటాలు పెద్దవిగా ఉంటాయి కనుక, ఓడ మధ్యభాగంలో కింది అంతస్తు గది ఆమెకు నిజంగా ఉపశమనం ఇస్తుందా? అమ్మ సౌకర్యం, నాన్నగారి కోరిక రెండూ నెరవేరే గది ఏదో అనుభవజ్ఞులు సూచించగలరని ప్రార్థన.