బెంజమిన్ జోవెట్ జీవితం: 40 పౌండ్ల జీతం సంగతి అసలేంటి?

నల్లకుంట_చదువరి:
ఆక్స్‌ఫర్డ్‌లో బేలియల్ కాలేజీ మాస్టర్ (అంటే కాలేజీ పెద్ద) బెంజమిన్ జోవెట్ (1817–1893) మీద తెలుగు వికీపీడియాకి వ్యాసం రాస్తున్నాను. ప్లేటోని ఇంగ్లీషులోకి తెచ్చినవాడిగా మన ఉస్మానియా ఫిలాసఫీ పిల్లలకి తెలిసిన పేరే. మత విషయాల్లో తప్పు పట్టి ఆయన జీతాన్ని ఏడాదికి 40 పౌండ్లకి తగ్గించారని ఒకచోట ఉంది, మొదట్నుంచీ అంతేనని ఇంకోచోట ఉంది. ఏది నిజం? తనే పాదిరి అయ్యుండి చర్చితో పేచీ ఎందుకొచ్చింది?

పాతప్రతి:
తగ్గించలేదండీ, పెంచనివ్వలేదు. ఆ జీతం ఆయన చేసిన రీజియస్ గ్రీకు ప్రొఫెసర్ పదవిది. ఆ పీఠం ఇంగ్లండ్ రాజు ఎనిమిదో హెన్రీ పెట్టింది, 40 పౌండ్లు ఆయన కాలం నాటి రేటు. అప్పటికది గౌరవమైన జీతమే. 1855లో జోవెట్‌ని నియమించేసరికి చిల్లర కింద లెక్క. పెంచుదామన్నప్పుడల్లా ఆయన మత భావాలు నచ్చనివాళ్లు ఓట్లేసి పడగొట్టారు. తమాషా ఏంటంటే, 1863లో ఆయన మీద యూనివర్సిటీ కోర్టుకెళ్లినవాళ్లలో ముఖ్యుడైన పూసీయే (ఆక్స్‌ఫర్డ్ మతశాస్త్ర పండితుడు) తర్వాత జీతం పెంపుకి మద్దతిచ్చాడు. అయినా 1864లో కాన్వొకేషన్‌లో, అంటే యూనివర్సిటీ ఎం.ఏ.లు ఓటేసే సభలో, ఆ ప్రతిపాదన ఓడిపోయింది. చివరికి 1865లో క్రైస్ట్ చర్చ్ కాలేజీ దాన్ని 500 పౌండ్లు చేసింది.

ఆ పదేళ్లూ ఆయన బేలియల్ ఫెలో (కాలేజీ పాలకవర్గ సభ్యుడు), ట్యూటర్ కూడా. ఆ రాబడి వేరే ఉంది. అది రాయకపోతే చదివినవాళ్లు ఆయన పస్తులున్నాడనుకుంటారు.

సికింద్రాబాద్_లైబ్రరీ:
పేచీ సంగతి. అప్పట్లో ఆక్స్‌ఫర్డ్ ఫెలోషిప్ నిలబెట్టుకోవాలంటే చాలావరకు గురుపట్టం తీసుకోవాల్సిందే, అంటే పాదిరి కావాల్సిందే. జోవెట్‌కి 1838లో, ఇంకా డిగ్రీ చేతికి రాకముందే ఫెలోషిప్ వచ్చింది. 1842లో డీకన్ (పాదిరికి కింది మెట్టు), 1845లో ప్రీస్ట్ అయ్యాడు. 1855లో బైబిల్లోని పౌలు పత్రికల మీద వ్యాఖ్యానం వేశాడు. క్రీస్తు మరణం మన పాపాలకి చెల్లించిన వెల అనే మామూలు వివరణని అందులో ఒప్పుకోలేదు. దాంతో వైస్ ఛాన్సలర్ పిలిపించి ఇంగ్లండ్ చర్చి 39 విశ్వాస సూత్రాల మీద మళ్లీ సంతకం పెట్టమన్నాడు. ఈయన వాదనకి దిగకుండా పెట్టేసి వచ్చాడు. 1860లో ఏడుగురు కలిసి వేసిన వ్యాస సంపుటిలో, బైబిల్‌ని మిగతా ఏ పుస్తకాన్నైనా చదివినట్టే చదవాలన్నాడు. అసలు మంట అక్కడ రేగింది.

ఇక్కడ చాలామంది పొరబడతారు: చర్చి కోర్టులో శిక్షపడి, పై అప్పీలు కోర్టయిన ప్రివీ కౌన్సిల్‌లో 1864లో గెలిచింది ఆ ఏడుగురిలో విలియమ్స్, విల్సన్ అనే ఇద్దరు. జోవెట్ మీద వేసిన యూనివర్సిటీ కేసు తీర్పుదాకా పోనేలేదు.

నల్లకుంట_చదువరి:
ధన్యవాదాలండీ. మాస్టర్ పదవికి 1854 అని ఒకచోట, 1870 అని ఒకచోట కనిపిస్తోంది?

పాతప్రతి:
1854లో ఓడిపోయాడు, 1870లో ఎన్నికయ్యాడు. ఓడించిన స్కాట్ మీకు తెలిసినవాడే, లిడెల్–స్కాట్ గ్రీకు నిఘంటువులో రెండో పేరు. స్కాట్‌ని రోచెస్టర్ డీన్‌గా పంపాకే కుర్చీ ఖాళీ అయింది. 1882–86 వైస్ ఛాన్సలర్ పదవిని దీంతో కలిపేయకండి, అది యూనివర్సిటీది. మాస్టర్‌గా మాత్రం చనిపోయేదాకా ఉన్నాడు.

మన పాఠకులకి పనికొచ్చేది ఇంకోటుంది. ఐసీఎస్‌కి పోటీ పరీక్ష ఎలా ఉండాలో చెప్పిన 1854 మెకాలే కమిటీలో జోవెట్ సభ్యుడు. 1892లో మన దేశపు తొలితరం మహిళా న్యాయవాది కోర్నీలియా సొరాబ్జీ ఆక్స్‌ఫర్డ్‌లో న్యాయశాస్త్ర పరీక్ష రాయడానికి సాయం చేసినవాడూ ఈయనే. ఆవిడకి డిగ్రీ పట్టా 1922 దాకా ఇవ్వలేదు. నన్నడిగితే ప్లేటో పేరా కంటే ఈ పేరా పెద్దదిగా ఉండాలి.

సికింద్రాబాద్_లైబ్రరీ:
ప్లేటో నుంచి ఏమైనా ఉటంకిస్తే పేజీ నంబరు ఇవ్వకండి. అనువాదం మొదటి కూర్పు 1871లో నాలుగు సంపుటాలు, 1892 మూడో కూర్పు ఐదు, పేజీలు కలవవు. అబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద దొరికే విడి 'రిపబ్లిక్'ల పేజీలు మరీ వేరు. 514ఏ లాంటి స్టెఫానస్ నంబరు (ప్లేటో పాత గ్రీకు ముద్రణ పేజీల లెక్క) ఇవ్వండి, ఏ కూర్పైనా సరిపోతుంది. ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్ 'రిపబ్లిక్'లో ఆ నంబర్లు లేవు, అంచున అచ్చువేసిన స్కాన్ ప్రతి చూసుకోవాలి.