ఏటవాలు చేలో గడ్డి పెంచితే సర్కారు డబ్బివ్వాలా?

మెట్టరైతు_వినుకొండ: అమెరికాలో 1985 చట్టంతో మొదలైన పథకం ఒకటుంది. మట్టి కోతకు గురయ్యే చేలను సాగు నుంచి తప్పించి గడ్డో చెట్లో వేస్తే, 10 నుంచి 15 ఏళ్లకు ఒప్పందం రాసుకుని ఏటా అద్దెలా డబ్బిస్తారు. మా వైపు గట్టి వాన పడితే చేలో గండ్లు పడి నీళ్లు ఎర్రగా దిగుతాయి, మట్టి పోయి పైకి గులకరాళ్లు తేలతాయి, ఆ మట్టంతా కింద చెరువులో పూడుతుంది. మనకూ అలాంటిది కావాలి.

బెంజిసర్కిల్: సాగు మానేస్తే డబ్బులా? మా పన్నులు ఊరికే వచ్చాయా?

మెట్టరైతు_వినుకొండ: మానేసి కూర్చుంటే ఇవ్వరండీ. గడ్డి వేసి బతికించాలి. మధ్యలో ఒప్పందం తప్పితే తీసుకున్నది వడ్డీతో సహా కట్టాలి.

జీవాలమంద: ఆ గడ్డి మేపుకోనిస్తారా?

మెట్టరైతు_వినుకొండ: అక్కడ కరువొస్తే ఒప్పుకుంటారు, మామూలప్పుడు షరతులుంటాయి.

జీవాలమంద: పదేళ్లు కంచె వేస్తే మా గొర్రెలను ఎక్కడికి తోలాలి? ముందు అది తేల్చండి.

కౌలురైతు_తాడికొండ: డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది? 2015లో అమరావతి పూలింగులో, అంటే రాజధాని కోసం రైతుల భూములు తీసుకున్నప్పుడు, ఎకరాకు ఏడాదికి మెట్టకు 30 వేలు, జరీబుకు (ఏటి పక్కన నీటి వసతి ఉన్న భూమికి) 50 వేలు కౌలు అన్నారు, అదంతా పట్టాదారుకే. నా పత్తి చేను మునిగినప్పుడు పరిహారం కూడా యజమానికే పోయింది, పురుగుమందు బాకీ మాత్రం నా నెత్తిన ఉంది.

మెట్టరైతు_వినుకొండ: నేను మట్టి గురించి చెబుతుంటే నువ్వు పరిహారం గురించి మాట్లాడతావేంటి తమ్ముడూ?

కౌలురైతు_తాడికొండ: మీ చేను ఎవరు చేస్తున్నారన్నా?

మెట్టరైతు_వినుకొండ: కౌలుకిచ్చాను. అయితే ఏంటి?

కౌలురైతు_తాడికొండ: వాళ్ల కౌలు కార్డుకు, అదే సాగు చేసేది వాళ్లేనని సర్కారు ఇచ్చే కార్డుకు, సంతకం పెట్టారా? 2019 చట్టం ప్రకారం యజమాని సంతకం లేకుండా ఆ కార్డు రాదు. అమెరికా చట్టంలో కౌలుదారుకూ న్యాయంగా వాటా పంచాలని రాసుంది, ఆ ముక్క మాత్రం మీరు వదిలేశారు.

మెట్టరైతు_వినుకొండ: సంతకం పెడితే రేపు భూమి మీదికొస్తారని మా ఇంట్లో భయం. మా నాన్న సంపాదించిన ఎకరాలవి. వాటా కావాలంటే చేతికిస్తాను, కాగితం మీద రాయను.

బెంజిసర్కిల్: రాయనప్పుడు సర్కారు డబ్బు మీకెందుకివ్వాలి?

కౌలురైతు_తాడికొండ: గడ్డి విత్తేది, మేకలు పడకుండా కాపలా కాసేది మేమే కదన్నా. ఒప్పందంలో రెండు పేర్లూ రాయించండి, పథకం రావాలని మీకంటే ముందు నేనే అర్జీ పెడతాను.

మెట్టరైతు_వినుకొండ: రెండో పేరు ఉంటే మాత్రం నా చేను ఇవ్వను.