పాత పెట్టలు కొత్తవాటిని గూట్లోకి రానివ్వడం లేదు

ప్రశ్న (మధురవాడ నుంచి)

విశాఖపట్నం మధురవాడలో మా ఇంటి వెనుక 20 అడుగుల పొడవు, 12 అడుగుల వెడల్పు గల దొడ్డిలో రెండేళ్లుగా ఐదు పెట్టలను పెంచుతున్నాము. వాటిలో మూడు గ్రామప్రియ రకానివి, రెండు నాటువి. పుంజు లేదు. ఒకటి ఉండేది గానీ, తెల్లవారుజామున మూడున్నరకే కూత మొదలుపెట్టడంతో పక్క అపార్ట్‌మెంటు వారి మాటలు పడలేక దానిని మా అత్తవారి ఊరికి పంపించవలసి వచ్చింది. ఈ మధ్య గుడ్లు తగ్గినందున పోయిన ఆదివారం సంతలో మూడు పెట్టపిల్లలను కొన్నాను. అమ్మిన మనిషి వాటికి ఐదు నెలలని చెప్పాడు గానీ, జుట్టు ఇంకా చిన్నదిగా, పాలిపోయిన గులాబీ రంగులో ఉన్నందున నాలుగు నెలలకు మించవని నా అనుమానం.

తెచ్చిన రోజునే వాటిని దొడ్డిలో వదిలాను. అరగంట గడవకముందే పాత నాటు పెట్టల్లో పెద్దది ఒక పిల్లను గోడ మూలకు తరిమి, జుట్టు మీద రక్తం కారేటట్లు పొడిచింది. అంతవరకు చూస్తూ ఊరుకున్న మిగిలిన నాలుగూ రక్తం కనపడగానే దానితో కలిశాయి. అప్పటినుంచి కొత్తవాటిని గంప కింద మూసి ఉంచాను. మా గూడు 5 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పు. లోపల కోళ్లు కూర్చోవడానికి ఒకటే కర్ర ఉంది. రాత్రి చీకట్లో కలిపేస్తే తెల్లవారేసరికి వాటంతట అవే సర్దుకుంటాయని మా మామగారు అంటున్నారు. అది నిజమేనా? ఎన్నాళ్లు విడిగా ఉంచాలి? పాతవాటికి వేసే లేయర్ మేతనే (గుడ్లు పెట్టే కోళ్ల మేతను) వీటికీ వేయవచ్చునా?

జవాబు (పెందుర్తి నుంచి)

పొడుచుకోవడం గురించి తరువాత చూద్దామండి. మీరు ముందుగా భయపడవలసినది పోట్లాటకు కాదు, సంత నుంచి కోడి వెంట వచ్చే రోగానికి. సంతలో పది ఇళ్ల కోళ్లు ఒకే గంపలో, ఒకే రెట్టలో, ఒకే నీళ్ల గిన్నె చుట్టూ పొద్దస్తమానం ఉంటాయి. కొన్ననాడు చురుకుగా కనిపించిన కోడి ఆరోగ్యంగా ఉన్నట్లు లెక్క కాదు.

ఏడెనిమిదేళ్ల క్రితం నేనూ ఇలాగే రెండు పెట్టలను తెచ్చి ఆ పూటే కలిపాను. మూడో రోజుకు ఒకదాని ముఖం వాచి, ముక్కు వెంట దుర్వాసనతో చీమిడి కారింది. వారం తిరిగేసరికి నా పద్నాలుగు కోళ్లలో తొమ్మిదింటికి అదే పరిస్థితి. అది కోరైజా అని పశువైద్యులు చెప్పారు. మందులకు చాలావరకు కోలుకున్నాయి గానీ, కోలుకున్న కోడి పైకి బాగానే ఉంటూ ఆ సూక్ష్మజీవిని మోస్తూనే ఉంటుంది. అందుచేత ఆ మంద పూర్తిగా పోయేదాకా, అంటే దాదాపు మూడేళ్లు, నేను ఇంకొక కోడిని ఇంటికి తేలేకపోయాను.

కోరైజా ఒకటి నుంచి మూడు రోజుల్లోనే బయటపడుతుంది. మనవైపు కొక్కెర తెగులు అని పిలిచే రాణిఖేత్ సాధారణంగా ఐదారు రోజుల్లో కనిపించినా, ఒక్కొక్కసారి పదిహేను రోజులు పట్టవచ్చు. మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి వల్ల వచ్చే దీర్ఘకాలపు దగ్గు, గురక మూడు వారాల దాకా దాగి ఉండగలవు. ఈ లెక్కనుబట్టే కొత్త కోళ్లను 30 రోజులు విడిగా ఉంచమని చెబుతారు; అది ఎవరో ఊరికే వేసిన అంకె కాదు. విడిగా అంటే అదే దొడ్డిలో గంప కింద కాదు. ఇంటికి అటువైపున, గాలి పాతవాటి మీదకు వీచని చోట, వేరే గిన్నెలతో, వేరే చీపురుతో ఉంచాలి. ఉదయం ముందు పాతవాటి పని ముగించుకుని తరువాతే కొత్తవాటి దగ్గరకు వెళ్లాలి, తిరిగి వచ్చేటప్పుడు చేతులు, చెప్పులు కడుక్కోవాలి. మీరు ఇప్పటికే ఒకసారి అరగంట కలిపారు కాబట్టి పాతవాటిని కూడా ఈ నెల రోజులూ అనుమానంతోనే చూడండి.

మొదటి వారంలోనే రెక్కల కింద, తోక కింద ఈకలు విడదీసి పేలు ఉన్నాయేమో చూడండి. కాళ్ల మీది పొలుసులు పైకి లేచి ఉంటే అదీ ఒక రకం పురుగు పనే. గోమార్లు మాత్రం పగలు కోడి మీద దొరకవు; గూటి పగుళ్లలో దాగి రాత్రి వచ్చి రక్తం తాగుతాయి. అందువల్ల సంతలో ఇచ్చిన గంపను, తాళ్లను ఇంట్లో ఉంచుకోకండి.

టీకాల సంగతి. వీటికి ఇదివరకు ఏ టీకా వేశారో మీకు తెలియదు కనుక, ఒక వారం చూసి, హుషారుగా ఉంటేనే రాణిఖేత్ రాకుండా వేసే లసోటా టీకా వేయించండి. రెండు మూడు వారాల తరువాత అదే రోగానికి వేసే ఆర్‌టూబీ వేయవచ్చు. ఎనిమిది వారాలు దాటిన కోళ్లకు వేసే ఈ రెండోది కొంచెం ఘాటైనది, అంతకుముందు ఏ టీకా పడని కోడికి నేరుగా వేస్తే కష్టపెడుతుంది. గుడ్లు పెడుతున్న మీ పాత పెట్టలకైతే ఆర్‌టూబీ వద్దు, గుడ్లు పడిపోతాయి. వాటికి లసోటానే నీటిలో ఇస్తారు. ఇక్కడ మన నగరవాసులు చేసే పొరపాటు ఒకటుంది. కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది, అది టీకాలోని సజీవ వైరస్‌ను చంపేస్తుంది. నూతి నీరు గానీ బోరు నీరు గానీ వాడండి. అది లేకపోతే కుళాయి నీటిని ఒక రోజు మూత లేకుండా ఉంచి, లీటరుకు 5 గ్రాముల చొప్పున వెన్న తీసిన పాలపొడి కలిపి, ఆ తరువాత టీకా కలపండి. సీసా మందు వంద కోళ్లకో, అంతకు మించో వస్తుంది, కలిపాక రెండు గంటల్లో వాడేయాలి కాబట్టి, చుట్టుపక్కల కోళ్లున్న నాలుగిళ్లవారు ఒకే రోజు పెట్టుకుంటే వృథా కాదు.

జవాబు (గోపాలపట్నం నుంచి)

పెందుర్తి వారు రోగాల సంగతి సవివరంగా చెప్పారు కనుక నేను పోట్లాట దగ్గర మొదలుపెడతాను.

కోళ్ల మందలో ఎవరు ఎవరిని పొడవవచ్చు, ఎవరు ఎవరికి తలవంచి తప్పుకోవాలి అన్నది ఒక వరుసలో స్థిరపడి ఉంటుంది. నార్వే దేశస్థుడైన షెల్డెరుప్-ఎబ్బే చిన్నతనం నుంచీ ఇంటి కోళ్లను గమనిస్తూ వచ్చి, 1920ల తొలినాళ్లలో ఈ వరుసను శాస్త్రీయంగా వర్ణించాడు గానీ, కోళ్లను పెంచిన మన అమ్మమ్మలందరికీ అది తెలిసిన విషయమే. మేత గిన్నె దగ్గరకు ముందు ఏ పెట్ట వస్తుందో చూస్తే చాలు. కొత్త కోడి వచ్చినప్పుడు ఆ వరుస మొత్తం మళ్లీ తేల్చుకోవలసి వస్తుంది. కాబట్టి పొడుచుకోవడం అసలే ఉండకూడదని కోరుకోకండి. అది జరగాలి, జరిగి ముగియాలి. రక్తం కారకుండా, కొత్తది పారిపోవడానికి చోటు ఉండేటట్లు చూడటమే మన పని.

అందుకు మధ్యలో వల కట్టడమే ఉత్తమమైన పద్ధతి. నెల రోజులు ముగిశాక, మీ దొడ్డిలోనే ఒక మూల 6 అడుగుల మేర అర అంగుళం కన్నాల ఇనుప వలతో అడ్డు కట్టి కొత్తవాటిని అందులో ఉంచండి. పెద్ద కన్నాల వల తల దూరేంత వెడల్పుగా ఉంటుంది, దానిలోంచే పొడుస్తాయి. వలకు ఇటూ అటూ ఎదురెదురుగా మేత గిన్నెలు పెడితే, ఒకదానినొకటి చూస్తూ తినడం అలవాటవుతుంది. మొదటి రెండు రోజులు మీ నాటు పెట్ట వల వెంబడే అటూ ఇటూ తిరుగుతూ ఈకలు ఉబ్బించుకుంటుంది. దానికి కొత్తవాటి ఉనికి విసుగు పుట్టి, వల వైపు వీపు పెట్టి మట్టిలో పొర్లే రోజు వస్తుంది. సాధారణంగా పది రోజుల నుంచి రెండు వారాల్లో వస్తుంది. అదే మీకు గుర్తు. తేదీ చూసి వల తీయకండి.

మీ మామగారు చెప్పిన రాత్రి పద్ధతిలో నిజం సగమే ఉంది. చీకట్లో కోడికి చూపు సరిగా ఆనదు కనుక ఆ రాత్రి గొడవ జరగదు. తెల్లవారగానే మాత్రం పరాయిది ఏదో, తనది ఏదో అది తడుముకోకుండా గుర్తుపడుతుంది, అప్పుడు మూసిన గూట్లో పారిపోయే దారే ఉండదు. నేను ఒకసారి ఏడు గంటలదాకా తలుపు తీయక ఒక పిల్ల తల వెనుక చర్మం ఊడిపోయేదాకా తెచ్చుకున్నాను. వల దశ ముగిశాక చివరి మెట్టుగా రాత్రి కలపండి, కానీ ఆ మూడు నాలుగు రోజులూ ఐదు గంటలకే లేచి గూడు తెరవాలి.

మీ దొడ్డి ఎనిమిది కోళ్లకు సరిపోతుంది, గూడే సరిపోదు. 20 చదరపు అడుగులను ఎనిమిదింటికి పంచితే ఒక్కొక్క దానికి రెండున్నర చదరపు అడుగులే. కనీసం మూడు నాలుగు ఉండాలి. కూర్చునే కర్ర మీద కోడికి 8 నుంచి 10 అంగుళాలు కావాలి, ఉన్న 60 అంగుళాల కర్ర మీద ఆరేడుకు మించి పట్టవు. ఇంకొక కర్ర వేయండి, అదే ఎత్తులో. పైన ఒకటి, కింద ఒకటి వేస్తే పై కర్ర కోసం ప్రతి సాయంత్రం యుద్ధమే. మేత గిన్నెలు మూడు, నీళ్ల గిన్నెలు రెండు, ఒకదాని నుంచి ఇంకొకటి కనపడకుండా పెట్టండి.

జవాబు (గాజువాక నుంచి)

మేత గురించి ఎవరూ చెప్పలేదు. లేయర్ మేతలో మూడున్నర నుంచి నాలుగు శాతం దాకా కాల్షియం ఉంటుంది. ఇంకా గుడ్డు పెట్టని పిల్లలకు అది మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కలిపిన తరువాత రెండు రకాల మేతలు వేరువేరుగా తినిపించడం మనవల్ల కాదు. అందుకని అన్నింటికీ ఎదిగే పిల్లలకు వేసే గ్రోయర్ మేతే వేసి, ఆల్చిప్పల గుల్లను వేరే గిన్నెలో పెట్టండి. గుడ్లు పెట్టేవి తమకు కావలసినంత అవే తింటాయి, పిల్లలు దాని జోలికి పెద్దగా పోవు. చోళ్లు, నూకలు చిరుతిండిగా సాయంత్రం చల్లితే చాలు. వాటితోనే కడుపు నింపితే మాంసకృత్తులు చాలవు.

ముప్పై రోజుల విషయంలో నాదొక మాట. మేము మేడ మీద పెంచుకునేవాళ్లము, ఇంటికి అటువైపు అన్నది మాకు లేదు. ఒకే మేడ మీద ఈ చివర, ఆ చివర ఉంచి ఇరవై రోజులకే కలిపాను, నాకేమీ కాలేదు.

జవాబు (పెందుర్తి నుంచి)

మీకేమీ కాకపోవడం సంతోషమే గానీ, అది ఇంకొకరికి సలహాగా పనికిరాదండి. స్థలం లేకపోతే ఆ నెల రోజులు కోళ్లు లేని బంధువుల ఇంట్లో ఉంచవచ్చు. 2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చినప్పుడు నేను ఆరు నెలలు సంత ముఖమే చూడలేదు.

ఇంకొక సంగతి మరిచాను. నెల ముగిశాక నేరుగా వల దగ్గరకు తేకుండా, పాతవాటిలో మీకు అంతగా పనికిరాని పెట్ట ఒకదానిని కొత్తవాటితో రెండు వారాలు ఉంచి చూడండి. కొత్తవి పైకి బాగుంటూ రోగం మోస్తున్నట్లయితే మొదట దెబ్బతినేది అదొక్కటే. కఠినమైన పనిలా తోస్తుంది, నిజమే; మిగిలిన నాలుగింటి కోసం చేయవలసి వస్తుంది. వానాకాలం కాబట్టి నేల మీద వరి ఊక తడిసినప్పుడల్లా మార్చండి, తడి ఊకలోనే రక్తపారుడు వచ్చేది. దోమల వల్ల కోడి మశూచి కూడా వ్యాపిస్తుంది, దానికి ఎంత దూరాన ఉంచినా లాభం లేదు, సాయంత్రం గూటికి దోమతెర కట్టాలి.

ప్రశ్న అడిగినవారు (మధురవాడ)

అందరికీ కృతజ్ఞతలు. కొత్తవాటిని ఈ రోజే ముందువైపు మెట్ల కిందకు మార్చాను. పుండుకు ఏమి రాయాలి? ముందుముందు వల కట్టి తీసిన తరువాత కూడా ఆ పెద్ద నాటు పెట్ట ఊరుకోకపోతే దెబ్బ తిన్నదానిని మళ్లీ విడదీయాలా?

జవాబు (గోపాలపట్నం నుంచి)

పుండును ఉప్పునీటితో కడిగి, పసుపు కలిపిన వేపనూనె రాయండి; ఎరుపు కనపడకుండా పోతుంది, ఆ వాసనకో రుచికో మిగిలినవి కూడా దూరంగా ఉంటాయి. పూర్తిగా మానేదాకా తోటి పిల్లల మధ్య కూడా ఒక కన్ను వేసి ఉంచండి.

విడదీయవలసింది దెబ్బ తిన్నదానిని కాదు, కొట్టినదానిని. బలహీనమైనదాన్ని బయటకు తీస్తే తిరిగి వచ్చిననాడు అది మళ్లీ కొత్తదే అవుతుంది. మీ నాటు పెట్టను మూడు నాలుగు రోజులు మందకు కనపడని చోట గంప కింద ఉంచి తీసుకువస్తే, ఈలోగా మిగిలినవి తమలో తాము వరుస మార్చుకుని ఉంటాయి, అది వచ్చి తన చోటు వెతుక్కోవలసి వస్తుంది. పందెం కోళ్ల జాతి అయిన అసీల్ రక్తం కలిసిన పెట్ట అయితే మాత్రం ఈ ఉపాయం పారదు. అది లొంగదు, దానిని ఒంటరిగా పెంచడమో ఎవరికైనా ఇచ్చేయడమో తప్ప వేరే దారి నాకు కనపడలేదు. మెడ పొడవుగా, కాళ్లు ఎత్తుగా, నిటారుగా నిలబడే పెట్టా అది?

ప్రశ్న అడిగినవారు (మధురవాడ), తొమ్మిది వారాల తరువాత

అసీల్ కాదండి, పొట్టి కాళ్ల నాటుదే. ముప్పై రోజులు విడిగా, ఆ పైన పాత గ్రామప్రియతో పదిహేను రోజులు, వల వెనుక పన్నెండు రోజులు ఉంచాను. గూటికి ఇంకొక 3 అడుగులు కలిపి రెండో కర్ర వేయించాను. వల తీసిన రోజు పెద్ద పెట్ట రెండుసార్లు తరిమింది, పాత చెక్క తలుపు ఒకటి గోడకు చేరవేసి ఉంచినందున పిల్లలు దాని వెనుకకు దూరాయి. ఇప్పుడు అన్నీ ఒకే దొడ్డిలో తిరుగుతున్నాయి గానీ, మేతకు మాత్రం కొత్త మూడూ పాతవి తిన్నాకే వస్తున్నాయి. ఒకదాని జుట్టు ఎర్రబడింది, వీపు మీద చేయి వేస్తే కూర్చుంటోంది, గుడ్డు పెట్టే రోజు దగ్గరపడినట్లుంది. పాతవి ఐదింటిలో మూడు ఈకలు రాల్చుకుంటున్నాయి. గుడ్లు తగ్గడానికి అసలు కారణం అదేనేమో, కొత్తవి కొనకముందే గమనించవలసింది.