డైలో ఇరుక్కున్న తూటా కేసు: వేడి చేయాలా, చల్లబెట్టాలా, బోల్టు వేసి లాగాలా?

నల్లగొండ లేత్

నల్లగొండలో ముప్పై ఏళ్లుగా లేత్ నడుపుతున్నాను. బోరు మోటార్ల షాఫ్టులు, బుష్‌లు, ట్రాక్టరు పిన్నులు నా పని. తుపాకుల సంగతి నాకు తెలియదు. మా అన్న కొడుకు టెక్సాస్‌లో ఉంటాడు, జింకల వేటకు రైఫిల్ ఉంది. పేల్చిన తూటాల ఇత్తడి కేసులను పారేయకుండా మళ్లీ నింపుకుంటాడు. అక్కడ అది మామూలే. పేలినప్పుడు కేసు ఉబ్బుతుంది కాబట్టి ప్రెస్సులో పెట్టి, డై అనే గట్టి స్టీలు అచ్చులోకి నెట్టి పాత సైజుకు తెస్తారు.

మొన్న ఒక .308 సైజు రైఫిల్ కేసు డైలో ముప్పావు వంతు పోయి ఆగిపోయింది. వెనక్కి గుంజితే కేసు అడుగు అంచు చిరిగి, ప్రెస్సులో దాన్ని పట్టుకునే హోల్డరులో ఉండిపోయింది. ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేదు. వీడియో కాల్‌లో చూపిస్తే, గ్యాస్ మంటతో డై వేడి చేయమన్నాను. కల్వకుర్తిలో ఫిజిక్స్ చెప్పే మా బావమరిదేమో వేడి చేస్తే ఇంకా బిగుస్తుందంటాడు. ఎడ్లబండి చక్రానికి ఇనుప పట్టా కాల్చే కదా ఎక్కించేది? బేరింగ్ రాకపోతే హౌసింగ్‌నే కదా వేడి చేసేది? ఎవరిది రైటో తేల్చండి.

కల్వకుర్తి మాష్టారు

ఇంట్లో తెగని పంచాయితీని ఇక్కడికి తెచ్చావు కదా బావా, అందరి ముందే లెక్క చెప్తా. కమ్మరి పట్టాను విడిగా కాలుస్తాడు. చక్రం చల్లగా పక్కన ఉంటుంది. ఇక్కడ కేసు, డై ఒకదాన్నొకటి కరుచుకుని ఉన్నాయి. బయట మంట పెడితే లోపలి ఇత్తడికి ఆ వేడి వెంటనే పాకుతుంది. ఒక్కో డిగ్రీకి స్టీలు పది లక్షల్లో సుమారు 12 వంతులు పెరిగితే ఇత్తడి 19 వంతులు పెరుగుతుంది. లోపలున్నదే ఎక్కువ ఉబ్బితే వదులవుతుందా, బిగుస్తుందా?

చల్లబెడితే ఇదే లెక్క తిరగబడుతుంది. టెక్సాస్ గ్యారేజీలో 35 డిగ్రీలు, ఫ్రీజరులో మైనస్ 18. తేడా 53. కేసు అడుగు వ్యాసం 12 మిల్లీమీటర్లు. డై కంటే కేసు 0.0045 మిల్లీమీటరు ఎక్కువ ముడుచుకుంటుంది. రాత్రంతా ఫ్రీజరులో పెట్టమను.

నల్లగొండ లేత్

నాలుగున్నర మైక్రాన్లా? మా షాపులో చేతి చెమట దానికంటే మందంగా ఉంటుంది మాష్టారూ.

హాలియా బోరు మేస్త్రీ

డైల గురించి నాకు తెల్వదు గానీ, ఇరుక్కున్నది తీయడం నాకు అన్నం పెట్టే పని. బోరులో మోటారు ఇరుక్కుంటే కొత్తోళ్లు చేసే మొదటి తప్పు, చైన్‌పుల్లీ వేసి బలంగా గుంజడం. పైపు తెగుతుంది, మోటారు కిందనే ఉంటుంది, అప్పుడు రైతు నెత్తిన చేయి పెట్టుకుంటాడు. మీ పిల్లగాడు చేసింది అదే. బలం తప్పు కాదు, పట్టు ఎక్కడ దొరికితే అక్కడ పెట్టాలి. అంచు పోయింది కదా, మిగిలిన లోహంలో కొత్త పట్టు చేసుకోవాలి.

వనపర్తి నుంచి ఒహాయో

మేస్త్రీ గారి మాటే నిజం. ఇక్కడ పన్నెండేళ్లుగా నేను కూడా ఇట్లా తూటాలు మళ్లీ నింపుకుంటున్నాను, రెండుసార్లు ఇరికించుకున్నాను. కాబట్టి లేత్ అన్నకు ముందు చెప్పేది: మంట వద్దు. మాష్టారి లెక్క ఒక కారణం. రెండోది, డై గట్టిపరచిన స్టీలు. 200 డిగ్రీలు దాటితే గట్టిదనం తగ్గే ప్రమాదం ఉంది. కేసు వచ్చినా డై మెత్తబడితే ఏం లాభం?

ఇంకో సంగతి అన్నిటికంటే ముందు చూసుకోవాలి. కేసు అడుగున ఉండే ప్రైమర్, అంటే మందును అంటించే చిన్న బిళ్ల, పేలిందా లేదా? పేల్చిన కేసే కాబట్టి పేలిపోయి ఉంటుంది. కానీ పేలని ప్రైమర్ ఉంటే మంటా వద్దు, డ్రిల్లూ వద్దు, సుత్తి అసలే వద్దు.

తీసే పద్ధతి ఇది. డై పైనుంచి లోపలికి దిగే సన్నని కడ్డీ ఉంటుంది. ప్రైమర్‌ను తోసే పిన్నూ, కేసు మెడను సరిచేసే గుండూ దానికే ఉంటాయి. దాన్ని తిప్పి వీలైనంత పైకి లేపాలి. లేకపోతే డ్రిల్ బిట్ వెళ్లి పిన్నుకు తగులుతుంది. తర్వాత ప్రైమర్ ఉండే గుంట మధ్యలోంచి అడుగును డ్రిల్ చేసి, ట్యాప్‌తో మరలు కోయాలి. డై మూతి మీద గిన్నెలాంటి బుష్ బోర్లించి, వాషర్ వేసి, బోల్టు బిగిస్తూ పోతే కేసు బుష్‌లోకి వచ్చేస్తుంది. దీనికి ఇక్కడ రెడీమేడ్ కిట్ దొరుకుతుంది. గొడవంతా లాగేటప్పుడు కాదు, డ్రిల్ నిటారుగా పెట్టేటప్పుడే.

పాలమూరు వెల్డర్

కిట్ ఎందుకు, గొట్టం ముక్క సరిపోదా? 6 ఎంఎం ట్యాప్ ఎవరి దగ్గరైనా ఉంటుంది, 5 ఎంఎం డ్రిల్ వేసి కోస్తే అయిపోయె. లేదంటే బోల్టును అడుగుకు వెల్డింగ్ పెట్టి లాగేయ్.

నల్లగొండ లేత్

తమ్ముడూ, ఇత్తడికి ఇనుప బోల్టు వెల్డింగ్ పెట్టి చూపించు, నీకు దండ వేస్తా. పైగా అది కూడా వేడే కదా!

కానీ ట్యాప్ మాట మీద నాకూ ఒక అనుమానం వచ్చి పిల్లవాణ్ని కొలతలు అడిగాను. ఆ ప్రైమర్ గుంట వ్యాసం 5.3 ఎంఎం. అంటే 5 ఎంఎం బిట్ గుంట గోడలకు తగలనే తగలదు. 6 ఎంఎం ట్యాప్ వేస్తే అక్కడ మర పళ్లు పూర్తి లోతుకు పడవు, లాగితే ఊడిపోతాయి. పావు ఇంచీ బోల్టు అయితే 6.35 ఎంఎం, పన్ను ఇంకాస్త లోతుగా పడుతుంది. గుంట దాటి లోపలి మందంలోకి మర పోవాలి, అసలు పట్టు అక్కడే ఉంటుంది. కిట్‌లో వచ్చేది కూడా పావు ఇంచీయేనట. వాళ్లు ఊరికే పెట్టలేదు.

నాగర్‌కర్నూల్ వకీలు

శీర్షిక చూసి ఎవరో కేసులో ఇరుక్కున్నారనుకుని వచ్చాను. కేసే ఇరుక్కుందని ఇప్పుడు అర్థమైంది.

అచ్చంపేట వేరుశనగ

వకీలు సాబ్ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా. మా దగ్గర అడవి పందులతో చేను ఆగం. మా పెద్దనాన్నకు లైసెన్సు తుపాకీ ఉంది, తూటాల ఖర్చు ఎక్కువ. ఇట్ల మళ్లీ నింపుకోవచ్చా?

నాగర్‌కర్నూల్ వకీలు

వద్దు. 1959 ఆయుధాల చట్టం సెక్షన్ 5 కింద తూటాల తయారీకి వేరే లైసెన్సు ఉండాలి. తుపాకీ ఉంచుకునే లైసెన్సు దానికి పనికిరాదు. అప్పుడు మాత్రం నిజంగానే కేసులో ఇరుక్కుంటారు, పావు ఇంచీ బోల్టుతో బయటికి రారు. పందుల సంగతి ఫారెస్టు వాళ్లతో మాట్లాడండి.

కల్వకుర్తి మాష్టారు

తీయడం సరే, అసలు ఇరుక్కున్నది ఎందుకో ఎవరూ అడగరేం? జిడ్డు పూయలేదా?

వనపర్తి నుంచి ఒహాయో

అసలు గొడవ అక్కడే ఉంది సార్. పిస్తోలు కేసులు తిన్నగా ఉంటాయి, కార్బైడ్ అనే ఇంకా గట్టి పదార్థంతో చేసిన డై ఉంటే జిడ్డు లేకుండా నడుస్తుంది. రైఫిల్ కేసుకు సీసాలాగా భుజం, మెడ ఉంటాయి. జిడ్డు లేకుండా నెట్టితే ఇత్తడి డై గోడకు అంటుకుపోతుంది. స్ప్రే వాడేవాళ్లు ఒక వర్గం, వేళ్లతో మైనం పూసేవాళ్లు ఒక వర్గం, ఎప్పటికీ కలవరు.

చాలామంది ఇంట్లో చేసుకునే స్ప్రే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో లానోలిన్ కలిపినది. లానోలిన్ అంటే గొర్రె ఉన్ని జిడ్డే. మా వనపర్తిలో గొంగళ్లు నేసే ఇంటికి పోయి ఉతకని ఉన్ని పట్టుకుంటే వేళ్లకు అంటేది అదే. స్ప్రే కొట్టాక ఆల్కహాల్ పూర్తిగా ఆరాలి, అప్పుడే జిడ్డు పని చేస్తుంది. తడి మీదే నెట్టితే ఇరుక్కోవడం ఖాయం. నాకు రెండోసారి అయ్యింది అట్లే.

పాలమూరు వెల్డర్

అయితే ఎక్కువ పూస్తే సరి.

వనపర్తి నుంచి ఒహాయో

ఎక్కువైతే నూనె పోవడానికి దారి లేక భుజం మీద సొట్టలు పడతాయి. నా ఓటు మైనానికే. పని నిదానం, కానీ ఏ కేసుకు పూశానో ఏ కేసుకు పూయలేదో వేలికి తెలుస్తుంది. ఇంకోటి, నెట్టేటప్పుడు మధ్యలో పట్టేసినట్టు అనిపిస్తే అక్కడే ఆగి వెనక్కి తీసి మళ్లీ జిడ్డు పూయాలి. 'ఇంకొంచెమే కదా' అని మోచేతి బలం పెట్టిన రోజే ఇరుక్కుంటుంది.

నల్లగొండ లేత్

అప్‌డేట్. పిల్లవాడు స్ప్రే కొట్టి ఆరకముందే మొదలుపెట్టాడట, ఒప్పుకున్నాడు. రాత్రి డైని ఫ్రీజరులో పెట్టాడు. పొద్దున కడ్డీ పైకి లేపి, డ్రిల్ చేసి, పావు ఇంచీ ట్యాప్ వేశాడు. కిట్ రావడానికి రెండు రోజులంటే ఆగలేక, స్పానరు సెట్‌లోని పెద్ద సాకెట్ బోర్లించి బోల్టు బిగించాడు. నాలుగో చుట్టుకు 'టక్'మని వచ్చింది. ఫోన్‌లో నాకూ వినబడింది.

మాష్టారు ఫ్రీజరు వల్లే అంటాడు. డ్రిల్ చేసి, ట్యాప్ వేసేసరికి అర్ధగంట పట్టింది, ఆ గ్యారేజీలో చల్లదనం ఎక్కడ ఉంటుంది? బోల్టు వల్లే వచ్చింది.

కల్వకుర్తి మాష్టారు

చల్లబడినప్పుడు పట్టు ఒకసారి కదిలి ఉంటుంది బావా. మొదలైన చోటును వదిలేసి చివరి చుట్టునే లెక్కపెడతావేం?

నల్లగొండ లేత్

సరే, ఆదివారం మా ఇంటికి రా, ఇత్తడి బుష్ ఒకటి స్టీలులో బిగించి పెడతా. నీ ఫ్రీజరు, నా బోల్టు. ఈలోపు ఒహాయో తమ్ముడు ఒకటి చెప్పాలి: డై లోపల ఇత్తడి చార అంటుకుని ఉందట. సన్న ఎమరీ కాగితం పెట్టి తిప్పొచ్చా?

వనపర్తి నుంచి ఒహాయో

ఎమరీ వద్దన్నా, డై సైజు మారుతుంది. కర్ర పుల్లకు గుడ్డ చుట్టి, మెటల్ పాలిష్ రాసి చేత్తో తిప్పమను. చార పోగానే ఆపేయాలి.